సలుపు వేరు, పోటు వేరు

"వేలు సలుపుతోంది బాబూ, రాత్రంతా కునుకు లేదు" అంది కోనసీమ లంకల నుంచి వచ్చిన ముసలామె. హౌస్ సర్జన్ కుర్రాడు కేసు షీటు మీద రాసుకున్నది ఒకే మాట: పెయిన్. ఆమెకు సాయంగా వెళ్ళిన నేను పక్కనే ఉన్నాను. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. సలుపంటే ఏమిటో అతనికి తెలియదు, అంతే.

తెలుగులో నొప్పి ఒకటి కాదు. చీము పట్టిన గోరుచుట్టు సలుపుతుంది. పక్కలో పోటు వస్తుంది. రోజంతా నాట్లు వేసొస్తే కాళ్ళు పీకుతాయి. జ్వరానికి ముందు ఒళ్ళు తీపులు పెడుతుంది. అతను చదివే ఇంగ్లీషు పుస్తకమూ థ్రాబింగ్, స్టాబింగ్, బర్నింగ్ అని నొప్పిని విడదీసే చెబుతుంది, ఎందుకంటే నొప్పి తీరును బట్టే జబ్బు ఆనవాలు దొరుకుతుంది. థ్రాబింగ్ అంటే సలుపేనని అతనికి ఎవరు చెప్పాలి? ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం. రెండేళ్ళూ నీట్ 720 మార్కుల ధ్యాసే.

అందుకే మెడికోలు తెలుగు కథలూ నవలలూ చదవాలంటాను. మాటల కోసమే కాదు. దింపు తీస్తూ కొబ్బరి చెట్టు మీంచి పడ్డ మనిషి ఆపరేషన్ అనగానే ముందు భార్య మొహంలోకి ఎందుకు చూస్తాడో, గర్భిణిని అడిగితే అత్తగారే ఎందుకు జవాబు చెబుతుందో అనాటమీలో ఉండదు. నవల నిండా అదే ఉంటుంది. కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూనే డాక్టర్ కేశవరెడ్డి నవలలు రాశారు. మనవాళ్ళు కనీసం చదవలేరా?

టైమెక్కడ అంటారు. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన పీజీ సీటు టెన్షన్, నిజమే. 2019 నుంచి ఏఈటీకామ్ పేరుతో నడవడిక, నైతికత, మాటతీరు సిలబస్‌లోనే నేర్పుతున్నారు కదా అని కూడా అంటారు. మంచి పనే. కానీ దానికీ పరీక్ష ఉంది, పరీక్ష ఉన్నచోట పిల్లలు నేర్చేది జవాబు. రీల్స్‌కు దొరికే అరగంట కథకూ దొరుకుతుంది.

అయినా తప్పంతా పిల్లల మీద వేయలేను. పుస్తకం వాళ్ళ చేతికి అందేచోట లేదు. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉన్న రాజమండ్రిలో, ఆ పక్క ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాకినాడ రంగరాయ కాలేజీ 1958 నుంచీ ఉంది. కాలేజీలున్నాయి, గ్రంథాలయానికని కట్టే డబ్బూ ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. వసూలైన ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా మున్సిపాలిటీలు, పంచాయతీలు బకాయి పెట్టడం ఏళ్ళుగా చూస్తున్నదే. ఆ బకాయి కట్టించి, ప్రతి మెడికల్ కాలేజీ హాస్టల్లో ఒక శాఖా గ్రంథాలయం తెరవండి. తెలుగు కథలు, నవలలు, వారపత్రికలు పెట్టండి. హాజరు పట్టీ వద్దు, ప్రాజెక్టు రిపోర్టు వద్దు. నైట్ డ్యూటీ దిగి వచ్చేవాళ్ళకు కూడా తలుపు తీసే ఉండాలి.