ట్రావెల్ మౌస్ గురించి తిరుగుతున్న ఆ ఐదు రూల్స్ నమ్మి కొనకండి

ల్యాప్‌టాప్ మోసుకుని తిరిగేవాళ్ల కోసం అంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. వైర్‌లెస్ మౌస్ ఎంత చిన్నదైతే అంత మంచిది, బ్లూటూత్ జోలికి పోకుండా డాంగిల్‌దే (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌తో నడిచేది) కొనాలి, డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే పాయింటర్ స్క్రీన్ మీద ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పే అంకె) ఎంత ఎక్కువుంటే అంత మేలు, సెల్ వేసేది పాతకాలం సరుకు కాబట్టి ఛార్జింగ్‌దే తీసుకోవాలి, మంచి మౌస్ ఎక్కడ పెట్టినా నడుస్తుంది. ఇవీ అందులో ఉన్న రూల్స్. కాలేజీలో చేరే పిల్లలకూ, కొత్తగా ఉద్యోగంలోకి వెళ్లేవాళ్లకూ పెద్దవాళ్లు దీన్నే ఫార్వర్డ్ చేస్తున్నారు, వాళ్లు నమ్మి కొనేస్తున్నారు. రాసినవాళ్లు మౌస్ బ్యాగులో ఎలా ఇముడుతుందో ఒక్కటే చూశారు. దాన్ని పట్టుకుని గంటల తరబడి ఎక్సెల్ షీట్ మీద పనిచేసే చెయ్యి వాళ్లకు గుర్తు రాలేదు.

ముందు సైజు సంగతి. "చిన్నది" అంటే పొడవు తక్కువా, మందం తక్కువా? లాజిటెక్ ఎం185 తీసుకోండి, పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 4. అదే కంపెనీ పెబుల్ ఎం350 పొడవు 10.7 ఉన్నా ఎత్తు 2.7 మాత్రమే. ల్యాప్‌టాప్ స్లీవ్‌లో ఉబ్బు తెలియకుండా దూరేది పొడవైన పెబులే, కానీ అరచేతికి ఆనేది పొట్టిగా, ఎత్తుగా ఉన్న ఎం185. పల్చటి మౌస్ మీద అరచెయ్యి ఆనదు, వేళ్లే మొత్తం పని చేస్తాయి, చెయ్యి పెద్దదైతే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. మీటింగ్‌లో నాలుగు స్లైడ్లు తిప్పడానికైతే పల్చటిది చాలు. రోజంతా పనంటే ఎత్తున్నదే కొనండి, బ్యాగులో ఆ ఒక్క సెంటీమీటరు భరించండి.

ఇక బ్లూటూత్ వద్దు, డాంగిలే ముద్దు అన్నది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. ఇప్పుడొచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత సైజు యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంటుంది, 2018 నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కు అదీ లేదు. డాంగిల్ మౌస్ కొంటే ముందు దానికో అడాప్టర్ కొనాలి. పైగా వేలిగోరంత ఉండే ఆ డాంగిల్ ఏ హోటల్ గదిలోనో పడిపోతే, చవక మౌస్‌లకు వేరే డాంగిల్ విడిగా దొరకదు, మౌస్ మొత్తం చెత్తబుట్టకే. (లాజిటెక్‌లో యూనిఫైయింగ్, బోల్ట్ రకాలకు విడిగా దొరుకుతుంది, అది వేరే విషయం.) డాంగిల్ అయితే పాయింటర్ ఆగదు అంటారా? 2012లోనే ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది, యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని. ఆ డాంగిళ్లు వాడేదీ అదే ఫ్రీక్వెన్సీ. అందుకే హార్డ్ డిస్క్ పక్క పోర్టులో డాంగిల్ పెడితే పాయింటర్ ఆగి ఆగి కదులుతుంది, రెండో వైపు పోర్టుకు మారిస్తే చాలాసార్లు బాగైపోతుంది.

సెక్యూరిటీ పేరు చెప్పి కూడా డాంగిల్‌నే పొగుడుతున్నారు. 2016లో మౌస్‌జాక్ పేరుతో బయటపడ్డ లోపం బ్లూటూత్‌ది కాదు, డాంగిళ్లదే! ఏడు కంపెనీల డాంగిళ్ల ద్వారా దాదాపు 100 మీటర్ల దూరం నుంచి కంప్యూటర్‌లోకి కీస్ట్రోక్‌లు, అంటే కీబోర్డు మీద టైప్ చేసినట్టే ఆదేశాలు, పంపవచ్చని పరిశోధకులు చూపించారు. బ్లూటూత్ బ్యాటరీ తినేస్తుందన్న భయం కూడా పాతదే. పెబుల్ ఎం350 ఒక్క సెల్‌తో 18 నెలల వరకూ నడుస్తుందని కంపెనీయే చెప్తోంది, అది బ్లూటూత్ మీదా పనిచేస్తుంది. అయితే బ్లూటూత్‌కూ ఒక లోటుంది. విండోస్ కొత్తగా వేసేటప్పుడో, విండోస్ మొదలవకముందు వచ్చే బయోస్ సెట్టింగ్స్ స్క్రీన్‌లోనో చాలా ల్యాప్‌టాప్‌లలో అది పలకదు, కొన్ని ఆఫీసుల్లో బ్లూటూత్‌ను ఆపేసి కూడా ఇస్తారు. అందుకే రెండూ ఉన్న మౌస్ తీసుకోండి, డాంగిల్ దాచుకోవడానికి సెల్ పక్కన గూడు ఉందో లేదో కొనే ముందే మూత తీసి చూడండి.

డీపీఐ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్పీడ్ సెట్టింగ్ ముట్టుకోకపోతే, 1000 డీపీఐతో ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి చెయ్యి రెండు అంగుళాలు కదిలితే చాలు, 1600 అయితే అంగుళం పైచిలుకు. 4000 పెడితే అర అంగుళంలోనే స్క్రీన్ దాటిపోతుంది, రైలు కుదుపులో చిన్న బటన్ మీద క్లిక్ చేయడమే కష్టం. ఆ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

సెల్ మౌస్ పాతకాలంది అన్న మాట నాకు అస్సలు నచ్చదు. పెన్సిల్ సెల్ ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది, మార్చడానికి నిమిషం చాలు. ఛార్జింగ్ మౌస్ తప్పని కాదు, ల్యాప్‌టాప్ ఛార్జర్‌తోనే ఎక్కే టైప్-సీ పోర్టు ఉండి, ఛార్జ్ అవుతుండగా వాడుకునే వీలుంటే హాయిగా కొనుక్కోండి. కానీ అన్నీ అలా ఉండవు. ఆపిల్ మ్యాజిక్ మౌస్‌కు 2015 నుంచీ ఛార్జింగ్ రంధ్రం అడుగునే ఉంది, ఛార్జ్ పెడితే వాడలేం. సెల్ మౌస్‌తో ఒక్క జాగ్రత్త, నెలల తరబడి వాడకపోతే సెల్ తీసి పెట్టండి, లీకైతే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి.

చివరిది, ఎక్కడైనా నడుస్తుందనడం. మౌస్ అడుగున ఉండేది ఒక చిన్న కెమెరా, సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి వాటిలో తేడాను బట్టి కదలికను లెక్కేస్తుంది. నున్నటి గాజు మీద దానికి పోల్చుకోవడానికి ఏ గుర్తూ కనపడదు. గాజు మీద నడవడానికి లాజిటెక్ డార్క్‌ఫీల్డ్ లాంటి ప్రత్యేక సెన్సర్ కావాలి, దానికీ గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎంఎక్స్ ఎనీవేర్ మోడల్‌లో అది ఉంది, ధర కూడా అలాగే ఉంటుంది. కేఫ్‌లో గాజు టేబుల్ తగిలినప్పుడు మామూలు మౌస్ కింద నోటుబుక్ అట్ట పెట్టుకున్నా పని జరిగిపోతుంది, దానికోసం వేలు పోయనక్కర్లేదు.