నాటకాన్ని వదలని మనిషి

నటుడు జయప్రకాశ్ రెడ్డిగారి మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, కానీ సీమ యాస విలన్ వేషాల దగ్గరే ఆగిపోయింది. మా గుంటూరు వాళ్లకి ఆయన ముందు లెక్కల మాస్టారు, నాటకాల మనిషి. 1988లో సినిమాల్లోకి వెళ్లి, అంత పేరొచ్చాక కూడా స్టేజి వదల్లేదు. పెద్ద వయసులో ఒక నాటకం మొత్తాన్ని ఒక్కరే మోశారండీ! అదెంత కష్టమో పరిషత్తు (పోటీ) నాటకాల్లో చిన్న వేషాలు వేసిన నాకు తెలుసు. ఒకసారి మా గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరం స్టేజి మీద నేను డైలాగ్ మర్చిపోయి చెమటలు కక్కుతుంటే, ఎదుటి నటుడు నా భుజం మీద చెయ్యేసి ఆ మాట తనే అందుకున్నాడు. ఒంటరి నాటకంలో రెడ్డిగారికి ఆ చెయ్యి కూడా లేదు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులోనే కన్నుమూశారు. ఆయన రంగస్థలం గురించి విడిగా ఒక వ్యాసం రాయండి, దయచేసి.