మా సెక్రటరీ గారి చేత సిమ్‌టవర్ ఆడించండి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో ఏ పదవికి నిలబడే పెద్దమనిషైనా సరే, ముందు సిమ్‌టవర్ అనే కంప్యూటర్ గేమ్ ఆడి కనీసం మూడు నక్షత్రాలు తెచ్చుకుని చూపించాలి, లేదంటే నామినేషన్ చెల్లదు. ఇది నా డిమాండు. సరదాకి అనట్లేదు. మా బెజవాడ వైపు పటమట నుంచి పోరంకి దాకా లేచిన ప్రతి అపార్ట్‌మెంటుకీ ఈ రూలు పెట్టాలి, మా దాంతో మొదలుపెట్టి.

గేమ్ పాతదే. యూట్ సైటో అనే జపాన్ ఆయన తయారుచేస్తే, ఊళ్ళు కట్టే సిమ్‌సిటీ గేమ్ తెచ్చిన మ్యాక్సిస్ కంపెనీ 1994లో సిమ్‌టవర్ అని పేరు పెట్టి అమెరికాలో అమ్మింది. ఖాళీ స్థలం, చేతిలో కాస్త డబ్బు ఇస్తారు. మీరు అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ ఆఫీసులు అద్దెకివ్వాలి, ఫ్లాట్లు అమ్మాలి, హోటల్ గదులు నడపాలి, నూరో అంతస్తు దాకా వెళ్ళాలి. ముందు గోడ లేకుండా బిల్డింగంతా బొమ్మల కొలువులా కనబడుతుంది, లోపల చిన్న చిన్న మనుషులు తిరుగుతుంటారు.

అసలు ఆటంతా లిఫ్టుల దగ్గరే. మామూలు లిఫ్టు 30 అంతస్తులకు మించి పోదు, ఇంకా పైకి పోవాలంటే 15 అంతస్తులకొక లాబీ కట్టి జనాన్ని అక్కడ లిఫ్టు మార్చాలి. లిఫ్టు కోసం నిలబడ్డ మనిషి మొదట నల్లగా ఉంటాడు, ఆలస్యమయ్యేకొద్దీ గులాబీ రంగులోకి వస్తాడు, ఇంకా నిలబెడితే ఎర్రబడతాడు. రోజూ ఇదే వరసైతే ఆఫీసు ఖాళీ చేసి పోతారు, మీ అద్దె గోవిందా. తప్పెవరిదని విచారణ ఉండదు, మేనేజర్‌దే. ఇలాంటి రూలు మన దగ్గర ఉంటే ఒక్క కమిటీ అయినా ఏడాది నిలబడుతుందా చెప్పండి.

ఒక్కసారి ఊహించుకోండి, మా సెక్రటరీ గారు ఈ గేమ్ ముందు కూర్చున్నారు. ఇంకా పునాది పడలేదు, గేటు దగ్గర గ్రానైట్ పలక మీద కమిటీ సభ్యుల పేర్లు పడ్డాయి, మొదటి పేరు కొంచెం పెద్ద అక్షరాల్లో. తర్వాత 'విజిటర్స్ పార్కింగ్ బయట' బోర్డు. బయట అంటే రోడ్డు, గేమ్‌లో రోడ్డు లేదు, అయినా బోర్డు ఉంది. పది అంతస్తులు లేపి ఒక్క లిఫ్టు పెట్టారు, కరెంటు బిల్లు కలిసొస్తుందని రాత్రి పదింటికి అదీ ఆపేశారు. తెల్లారేసరికి బిల్డింగంతా ఎర్రటి మనుషులే. సార్ కంగారు పడలేదు, "కొందరు ఫ్లాట్ ఓనర్లు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి కింద మూడు నమస్కారాలు జోడించారు. గేమ్‌లో ఒక దశ దాటాలంటే వీఐపీ ఒకాయన వచ్చి హోటల్లో దిగి మెచ్చుకుని పోవాలి. ఆయన వచ్చాడు, శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, గ్రూప్ ఫోటో అయింది, గది మాత్రం ఎవరూ ఊడవలేదు. బొద్దింకలు. అవి పాత కమిటీ హయాం నుంచీ ఉన్నాయట. ఈలోగా మంటలు లేచాయి. హెలికాప్టర్ పిలవమంటారా అని గేమ్ అడిగింది. సెక్రటరీ గారు నింపాదిగా, మూడు కొటేషన్లు తెప్పించండి, జనరల్ బాడీలో పెడదాం అన్నారు. బాంబు పెట్టామని బెదిరింపు వస్తే, "మీరు ఓనరా, టెనెంటా?" అని అడిగారు. టెనెంట్ల మాటకి మా దగ్గర విలువ లేదు లెండి, బాంబు పెట్టినా సరే.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. నాకు ఒళ్ళు మండించింది మాత్రం ఒక కాగితం.

మా లిఫ్టులో బటన్ల పక్కన, వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ కింద, లామినేషన్ చేసి సెల్లో టేపుతో అంటించారు. 'పనివారు, డెలివరీ వారు లిఫ్టు వాడరాదు. మెట్లు వాడగలరు. అతిక్రమించినచో సంబంధిత ఫ్లాటుకు జరిమానా.' 2020లో కరోనా పేరు చెప్పి పెట్టారు. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, టేపు ఊడినప్పుడల్లా కొత్త టేపు మాత్రం పడుతోంది. దాని పైనే లిఫ్టు కంపెనీ వాళ్ళ ప్లేటు ఉంది, 6 మంది, 408 కిలోలు. మనిషికి 68 కిలోల లెక్క. ఆ ప్లేటు తయారుచేసినవాడికి మనిషంటే బరువే, ఏ ఇంట్లో అంట్లు తోముతుందో అడగలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ రాణీగారితోట నుంచి వస్తుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మే నెల బెజవాడ ఎండలో ఐదంతస్తులు, రెయిలింగ్ పట్టుకుని, రెండో అంతస్తు మలుపులో ఒకసారి, నాలుగో దాంట్లో ఒకసారి కూర్చుని లేస్తూ ఎక్కుతుంది. అదే టైముకి మూడో అంతస్తు వాళ్ళ కుక్క లిఫ్టులో దిగుతుంది. కుక్క మీద నాకు కోపం లేదు. గ్యాస్ కుర్రాడు సిలిండర్ భుజాన వేసుకుని మెట్లెక్కుతాడు, అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు 30. వాడు పైకొచ్చి రొప్పుతుంటే మనం "చిల్లర లేదు బాబూ" అంటాం.

సిమ్‌టవర్ తీసినాయన సంఘ సంస్కర్తేమీ కాదు. అది పచ్చి డబ్బు లెక్కల ఆట. అందులో కూడా గదులు శుభ్రం చేసేవాళ్ళ కోసం సర్వీస్ లిఫ్టు ఉంటుంది, అది వేయకపోతే వాళ్ళు వేరే అంతస్తుల గదుల దాకా రాలేరు, రాకపోతే బొద్దింకలు పడతాయి, నష్టం మీదే. జాలితో కాకపోయినా, లాభం కోసమైనా ఆ మనిషిని పైకి తీసుకెళ్ళాలని 1994లో ఒక గేమ్‌కి తెలిసింది. లక్షలు పోసి ఫ్లాట్లు కొనుక్కున్న మనకి ఇప్పటికీ తెలియదు! శుభ్రత అంటారు. ఆవిడ కడిగిన కంచంలో తింటారు, ఆవిడ ఉతికిన దుప్పటి కప్పుకుంటారు, ఆవిడ నొక్కిన బటన్ నొక్కడానికి మాత్రం వేలు రాదు. శుభ్రతట! దీని అసలు పేరు ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు, సంతకం పెట్టిన ప్రెసిడెంటు గారికి అందరికంటే బాగా తెలుసు. మన తాతల కాలంలో ఊరి చెరువు దగ్గర ఉండేది అది, ఇప్పుడు స్టీలు తలుపులు పెట్టుకుంది.

లిఫ్టు అరిగిపోతుందని ఇంకో వాదన. రియల్ ఎస్టేట్ చేసే ట్రెజరర్ గారి బంధువులు గృహప్రవేశానికి ఎనిమిది మంది ఒక్కసారి ఎక్కినప్పుడు ఏం అరగలేదు మరి.

ఆదివారం మీటింగుంది. గేటుకి ఏ రంగు వెయ్యాలన్నది మొదటి అంశం, తర్వాత వినాయక చవితి చందా. ఈ కాగితం సంగతి రాసి ఇస్తే 'ఇతర విషయాలు, సమయం ఉంటే' అన్నదాని కింద తోశారు. సమయం లేకపోతే నేనే పీకేస్తానని ట్రెజరర్ గారికి చెప్పాను. "లిఫ్టులో సీసీ కెమెరా ఉందండోయ్" అన్నారు. పోయిన దీపావళికి నా స్కూటర్ పెట్రోల్ ఎవరు తీశారో చూడమన్నప్పుడు అది పనిచేయట్లేదన్నారు, ఈసారైనా బాగు చేయించి పెట్టమన్నాను.