సోటో పోయాడు

ఓడిపోతున్న బేస్‌బాల్ జట్టు తన స్టార్ ఆటగాణ్ణి ఎప్పుడు వదులుకోవాలి అనే విషయం మీద అమెరికాలో పెద్ద పెద్ద నిపుణులు జుట్టు పీక్కుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ లెక్క తేల్చింది మా మామగారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపి రిటైరైన మనిషి. బంతి ఎటు పోతే పరుగు వస్తుందో ఆయనకి ఇప్పటికీ సరిగా తెలీదు. సరుకు ఎప్పుడు అమ్మాలో తెలుసు.

మేముండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్. మాకు దగ్గరి జట్టు వాషింగ్టన్ నేషనల్స్. 2019లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని ఏడో మ్యాచ్‌లో ఓడించి, బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి చతికిలబడ్డారు. జట్టుని మొదటినుంచి మళ్ళీ కట్టుకుంటాం అని 2021 జులైలో స్టార్ బౌలర్ మాక్స్ షెర్జర్‌నీ, ఇంకో స్టార్ ట్రే టర్నర్‌నీ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. ఇక మిగిలింది హువాన్ సోటో. పంతొమ్మిదేళ్ళకే పెద్ద జట్టులోకి వచ్చిన డొమినికన్ కుర్రాడు. బంతి వదిలేసినా సరే, క్రీజులో కాళ్ళు ఈడుస్తూ చిన్న డాన్సు చేసి, బౌలర్ కళ్ళలోకి చూసి నవ్వేవాడు. మావాడు హోంవర్క్ ఎగ్గొట్టిన ప్రతిసారీ వాళ్ళమ్మ ముందు అదే డాన్సు.

2022 వేసవిలో మామగారు, అత్తగారు మా దగ్గరికి వచ్చారు. సరిగ్గా అప్పుడే సోటో గొడవ మొదలైంది. జట్టువాళ్ళు పదిహేనేళ్ళకి 44 కోట్ల డాలర్లు ఇస్తామంటే అతను వద్దన్నాడని జులైలో బయటికి పొక్కింది. ఆ వెంటనే లాస్ ఏంజిలిస్‌లో హోమ్ రన్ డెర్బీ అనే సిక్సర్ల లాంటి పోటీ కూడా గెలిచాడు. అంతకుముందు జూన్‌లోనే జనరల్ మేనేజర్ మైక్ రిజో రేడియోలో, సోటోని ఎవరికీ ఇచ్చేది లేదని చెప్పాడు. ఆ మాట చెబితే మామగారు టీ చప్పరించి, "అమ్మనన్నాడా? అయితే బేరం నడుస్తోంది" అన్నారు.

ఇక్కడ పద్ధతేంటంటే, ఐపీఎల్‌లోలా ఏటా వేలం ఉండదు. పెద్ద జట్టులోకి వచ్చిన కుర్రాడు సుమారు ఆరేళ్ళు ఆ జట్టు చేతిలో ఉంటాడు. ఆ తర్వాత అతనిష్టం, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోతాడు. ఈలోపు జట్టుకి కావాలంటే అతన్ని ఇంకొకరికి ఇచ్చేసి, బదులుగా వాళ్ళ దగ్గర కింది జట్లలో పెరుగుతున్న కుర్రాళ్ళని తెచ్చుకోవచ్చు. సోటోకి 2024 చివరిదాకా గడువుంది. అంటే కొన్నవాడికి అతనితో మూడు సీజన్లలో టైటిల్ కోసం కొట్లాడే అవకాశం.

మా ఆవిడ వాదన వేరు. "ఇరవై మూడేళ్ళ పిల్లాడు. ఇలాంటివాడు ఒక్కడు దొరికితే చాలనే కదా ఈ జట్లు ఏళ్ళ తరబడి ఓడిపోయేది? ఉన్న సోటోని ఇచ్చేసి, సోటో అవుతాడేమో అనే పిల్లాణ్ణి తెచ్చుకుంటారా?" అంది. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకి నిపుణుల దగ్గర కూడా గట్టి జవాబు లేదు.

మామగారు మాత్రం తగ్గలేదు. "ఈ జట్టు మళ్ళీ గెలవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాలుగైదేళ్ళు అంటున్నారు మామయ్య గారూ."

"ఆ అబ్బాయి ఉండేది?"

"రెండున్నరేళ్ళు."

"ఇంకేం మిగిలింది మాట్లాడుకోవడానికి? మా యార్డుకి వచ్చే రైతులు ఇదే పని చేసేవాళ్ళు. తేజ కాయ మార్చిలో మంచి ధర పలుకుతుంటే, ఇంకా పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్ళు. అద్దె పెరిగేది, వడ్డీ పెరిగేది, రంగు తగ్గేది. చివరికి కొత్త పంట వచ్చే ముందు పరిగెత్తుకుంటూ వచ్చి, ఎంతకైనా సరే తీసుకోండి అనేవాళ్ళు. కాయలో ఘాటు అలాగే ఉండేది. కొనేవాడికి మాత్రం వీడికి తొందర ఎక్కువైందని తెలిసిపోయేది."

ఇంత స్పష్టంగా చెప్పినా మా ఆవిడ వినలేదు. ఆగస్టులో మావాడి పుట్టినరోజని, వెనక సోటో పేరు, 22 నంబరు వేసిన జెర్సీ ఆర్డర్ పెట్టేసింది. ముప్పై శాతం తగ్గింపు కూడా వచ్చిందని సంబరపడింది. "బాగా ఆడేవాడి చొక్కా తగ్గించి ఎందుకిస్తున్నారమ్మా?" అని మామగారు అడిగితే, సమ్మర్ సేల్ నాన్నా అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. కానీ ఆ మౌనం నాకు తెలుసు. నా కారు కొన్న రోజున కూడా అలాగే ఉన్నారు.

ఆగస్టు 1న సోటో హోమ్ రన్ కొట్టాడు. కొట్టింది ఎవరి బంతినో కాదు, ఏడాది కిందట ఇక్కణ్ణుంచే పోయి, అప్పటికి న్యూయార్క్ మెట్స్‌కి ఆడుతున్న షెర్జర్ బంతిని. మర్నాడు మధ్యాహ్నం వార్త వచ్చేసింది. సోటో, తోడుగా జాష్ బెల్, ఇద్దరూ శాన్ డియెగో పాడ్రేస్‌కి. బదులుగా సి.జె. ఆబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్, రాబర్ట్ హాసెల్, యార్లిన్ సుసానా అనే ఐదుగురు కుర్రాళ్ళు, పైన ల్యూక్ వోయిట్ అనే ఒక పెద్దాయన. నిజానికి వోయిట్ స్థానంలో ఎరిక్ హాస్మర్ రావాలి. తన కాంట్రాక్టులో ఉన్న హక్కు వాడుకుని, నేను వాషింగ్టన్‌కి రానుగాక రాను అన్నాడు. ఇది విన్నప్పుడు మామగారు నిజంగా షాకయ్యారు. "బస్తాలో ఉన్న కాయ, నేను ఆ షాపుకి పోను అంటుందా? ఇదేం యార్డు?"

వార్త వచ్చిన కాసేపటికే జెర్సీ కూడా వచ్చింది. పేరు వేయించిన సరుకు వెనక్కి తీసుకోబోమని కాగితం మీదే ఉంది. దానికితోడు మా ఆవిడ పిల్లల సైజు అనుకుని నొక్కింది పెద్దల సైజు. మావాడు దాన్ని మంచం మీద పరిచి, ఎవరో దూరపు బంధువుని చూసినట్టు చూసి, తలుపేసుకున్నాడు.

"బంగారం లాంటి గుడ్డ. పారేస్తారా?" అని మామగారు తొడుక్కున్నారు. అతికినట్టు సరిపోయింది.

ఆ రాత్రి మ్యాచ్‌కి టిక్కెట్లు ముందే కొని ఉన్నాయి. మెట్రో సిల్వర్ లైను అప్పటికింకా ఆష్‌బర్న్ దాకా రాలేదు కాబట్టి రెస్టన్‌లో కారు పెట్టి, లాన్‌ఫాంట్ ప్లాజాలో గ్రీన్ లైను మారి, నేవీ యార్డులో దిగాం. స్టేడియం దిగాలుగా ఉంది. అవతల మెట్స్ తరఫున బౌలింగ్‌కి దిగింది పేరుమోసిన జేకబ్ డిగ్రామ్, ఏడాదికి పైగా గాయంతో కూర్చుని ఆ రోజే తిరిగొచ్చాడు. సోటో లేని మనవాళ్ళు ఎలా చస్తారో చూద్దామని అందరూ వచ్చారు. మనవాళ్ళు 5-1తో గెలిచారు. "చూశారా, అబ్బాయి పోగానే ఎంత తేలికపడ్డారో" అన్నారు మామగారు. ఆ సీజన్లో మొత్తం 107 మ్యాచ్‌లు ఓడారని తర్వాత చెబితే, అది వేరే ఖాతా అన్నారు.

ఆయనకి మ్యాచ్‌లో బాగా నచ్చింది నాలుగో ఇన్నింగ్స్ మధ్యలో జరిగే ప్రెసిడెంట్ల పరుగు పందెం. వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్, టెడ్డీ రూజ్వెల్ట్ అంటూ బుట్టంత తలకాయలు పెట్టుకున్న నలుగురు పరుగెడతారు. పాపం టెడ్డీని 2006 నుంచి 2012 అక్టోబరు దాకా ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు.

అసలు కథ మర్నాడు సాయంత్రం జరిగింది. మామగారు లుంగీ మీద సోటో జెర్సీ వేసుకుని వాకింగ్‌కి బయల్దేరారు. మొదటి మలుపులో కుక్కని తిప్పుతున్న ముసలాయన ఈయన్ని చూసి ఆగి, భుజం మీద చెయ్యేసి, "ఐ యామ్ సో సారీ" అన్నాడు. కాస్త ముందుకెళ్ళాక, ఎప్పుడూ పలకరించని ఒకావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత పోస్టు వ్యాను నడిపే కుర్రాడు బండి ఆపి మరీ, "టఫ్ డే, సర్" అని వెళ్ళాడు.

ఇక్కడ మనిషి పోతే ఇంటివాళ్ళకి సారీ చెబుతారని మామగారికి తెలుసు. వీధి వీధంతా తనకి సారీ చెబుతోందంటే అర్థమేమిటి? మనవాళ్ళలో ఎవరో పోయారు, ఊళ్ళో అందరికీ చెప్పారు, గుండె జబ్బు మనిషినని తనకొక్కడికే దాచారు. ఫుట్‌పాత్ మీదే కూలబడి గుంటూరులో తమ్ముడికి ఫోన్ కొట్టారు. అక్కడ తెల్లవారుజామున నాలుగు. ఆ వేళప్పుడు అమెరికా నుంచి ఫోన్ రాగానే ఆయన, "అన్నయ్యా, ఎవరు?" అని వణికిపోయారు. "అది నేనడగాలిరా, ఎవరు?" అని ఈయన. కాసేపు ఎవరు, ఎవరు అనుకున్నాక సిగ్నల్ పోయింది.

సిగ్నల్ పోవడంతో తమ్ముడు గారు అన్నీ ఖాయం చేసేసుకున్నారు. తెనాలిలో చెల్లెలికి చెప్పారు, ఆవిడ నరసరావుపేటకి చెప్పింది. ఇక్కడ మామగారు చెమటలు కక్కుతూ ఇంట్లోకొచ్చి, "అల్లుడు గారూ, నా దగ్గర దాచకండి. తట్టుకోగలను" అన్నారు. ఆయన వీపు వైపు చూశాక గానీ నాకు వెలగలేదు. నేను నవ్వు ఆపుకుని చెప్పేలోపే లోపల అత్తగారి ఫోన్ మోగింది.

"ఎవరూ పోలేదు వదినా, పోయింది సోటో" అంటున్నారావిడ.

"అయ్యో! ఎవరు, అల్లుడి తరఫువాళ్ళా? ఎంత వయసు?"

"ఇరవై మూడు."

ఆ తర్వాత అవతల వినిపించిన శోకం స్పీకరు పెట్టకుండానే మా అందరికీ వినిపించింది. వాళ్ళని సముదాయించేసరికి అక్కడ బాగా తెల్లారింది. ఇప్పటికీ తెనాలిలో ఒకావిడ సోటో తల్లిదండ్రులు ఎలా ఉన్నారని అడుగుతుంటుంది.

వాళ్ళు నిక్షేపంగా ఉన్నారు. పాడ్రేస్ అతన్ని ఏడాదిన్నర ఉంచుకుని, గడువు ఒక్క సీజనే మిగిలాక 2023 డిసెంబరులో యాంకీస్‌కి ఇచ్చేశారు. యాంకీస్ అతనితో 2024 వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళి ఓడిపోయారు. ఆ డిసెంబరులో మెట్స్ పదిహేనేళ్ళకి 76.5 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయారు. 44 కోట్లు కాదన్నవాణ్ణి పిచ్చోడన్న మా ఆవిడ ఆ రోజు వంట చెయ్యలేదు.

అమ్మకుండా కూర్చున్నవాళ్ళ గతి కూడా చూశాం. 2023 జులైలో ఏంజిల్స్ జట్టు తన స్టార్ షోహే ఒటానీని వదలకపోగా ఎదురు ఆటగాళ్ళని కొంది. ఆగస్టులో కుప్పకూలి, అలా కొన్నవాళ్ళనే వదిలించుకునే పనిలో పడింది. సీజను అయ్యాక ఒటానీ 70 కోట్ల డాలర్లకి పక్కనే ఉన్న డాడ్జర్స్‌కి నడిచి వెళ్ళిపోయాడు. ఏంజిల్స్‌కి దక్కింది, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో ఒక్క అదనపు అవకాశం. మామగారికి ఫోన్లో చెబితే, "రంగు పోయాక కూడా కాదు, ఏకంగా ఎలకలు తినేశాక తెరిచారు" అన్నారు.

అలాగని నేషనల్స్ బాగుపడ్డారా అంటే అదీ లేదు. తెచ్చుకున్నవాళ్ళలో ఆబ్రమ్స్ 2024లో, గోర్, వుడ్ 2025లో ఆల్‌స్టార్‌లు అయ్యారు. బేరం మంచిదే. జట్టు మాత్రం 2025లోనూ 96 మ్యాచ్‌లు ఓడింది, ఆ జులైలో రిజో ఉద్యోగమే పోయింది. 2026 జనవరిలో కొత్త యాజమాన్యం గోర్‌ని టెక్సస్ రేంజర్స్‌కి ఇచ్చి, మళ్ళీ ఐదుగురు కుర్రాళ్ళని తెచ్చుకుంది. సరైన రోజున అమ్మడం ఒక విద్య, వచ్చిన డబ్బుతో ఇల్లు నిలబెట్టడం ఇంకో విద్య అని మా ఆవిడ అంటే, ఈసారి మామగారు ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు మావాడు వుడ్ జెర్సీ కావాలంటున్నాడు, నంబరు 29. ఆరడుగుల ఏడంగుళాల కుర్రాడు, గడువు 2030 దాకా ఉంది. వీడియో కాల్‌లో మామగారు వేళ్ళు మడిచి, "అయితే ఇరవయ్యెనిమిది వేసవిలో పంపేస్తారు. రెండేళ్ళకోసం అంత డబ్బా?" అని తేల్చారు. మా ఆవిడ ఇద్దరి మాటా వినకుండా టెడ్డీ రూజ్వెల్ట్ పేరుతో 26 నంబరు జెర్సీ తెప్పించింది. అతన్ని ఏ జట్టూ అడగదంది.