ఏడో రకం నవ్వు

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు రకాలన్నాడు. పళ్లు కనపడనివ్వని స్మితం దగ్గర మొదలుపెట్టి, కళ్లనీళ్లు కారేలా నవ్వే అతిహసితం దాకా లెక్క తేల్చాడు. పాపం, ఆయన చేతిలో ఫోన్ లేదు. ఉంటే ఏడోది కూడా చేర్చేవాడు: లోల్.

దీని లక్షణం విచిత్రం. పేరు చూస్తే ఆరో రకం. 'లాఫింగ్ ఔట్ లౌడ్', అంటే నలుగురికీ వినబడేలా నవ్వడం. తీరు చూస్తే మొదటిదానికన్నా కింద. స్మితానికి కనీసం బుగ్గలు కదలాలి. లోల్‌కి బొటనవేలు కదిలితే చాలు.

మొన్న ఆఫీసు గ్రూపులో మా మేనేజర్‌గారు ఒక జోకు పెట్టారు. మా తాత చెప్పగా నేను చిన్నప్పుడే విన్న జోకు. నిమిషం తిరక్కుండా పదకొండు లోల్‌లు పడ్డాయి. తలెత్తి చూశాను. ఏసీ చప్పుడు తప్ప హాల్లో ఇంకే చప్పుడూ లేదు. పక్క సీటాయన అయితే మధ్యలో నాలుగు ఓలు పెట్టి మరీ సాగదీశాడు. మొహం మాత్రం అప్పుడే ఈఎంఐ కట్ అయిన మెసేజ్ చదివినట్టుంది. అప్రైజల్ నెల మరి.

ఇక పుట్టుక. 1989 మే నెల ఫిడోన్యూస్ అనే కంప్యూటర్ పత్రికలో ఈ పొట్టి మాట అప్పటికే కనిపిస్తుంది. ఫోన్ లైనుకి మోడెమ్ తగిలించి కబుర్లాడుకునే రోజులవి. 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీనికి పీట వేసింది. అవే మూడక్షరాలు 1960లో 'లిటిల్ ఓల్డ్ లేడీ' అనే అర్థంలో వాడారని కూడా ఆ నిఘంటువే చెబుతోంది. అంటే ముసలమ్మ. మా అమ్మమ్మ నవ్వితే వీధి చివరికి వినబడేది కాబట్టి ఆవిడకి రెండర్థాలూ సరిపోతాయి.

అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ దీన్ని 'లాట్స్ ఆఫ్ లవ్' అనుకుని మెసేజ్‌ల చివర పెట్టేవారట. 2012లో అక్కడి పత్రికల తీరుపై జరిగిన లెవెసన్ విచారణలో, మాజీ పత్రికా సంపాదకురాలు రెబెకా బ్రూక్స్ బయటపెట్టిన సంగతి ఇది. వేల్స్ భాషలో 'లోల్' అంటే అర్థంలేని మాట. వాళ్లకి ముందే తెలిసినట్టుంది.

నా సిద్ధాంతం వేరు. ఇది తెలంగాణ 'లొల్లి'కి చివరి ఇకారం ఊడిపోయిన రూపం. పండితులు ఒప్పుకోకపోవచ్చు, కానీ సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. బావమరిది కొత్త కారుకి నిమ్మకాయలు కట్టి, కళ్లజోడు పెట్టుకుని దిగిన ఫొటో కుటుంబం గ్రూపులో పెట్టాడు. చూశానని తెలియడానికి లోల్ అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చి, "మా తమ్ముడు మీకు జోకర్‌లా కనిపిస్తున్నాడా?" అంది. నవ్వలేదని ఒట్టేశాను. "మరి నవ్వకుండా నవ్వానని ఎందుకు పెట్టారు?" అంది. ఈ ప్రశ్నకి నిఘంటువులో జవాబు లేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి 'సారీ' అని మెసేజ్ పెట్టాను. జవాబు ఒక్క అక్షరం: 'కె'. దాని పుట్టుపూర్వోత్తరాలు రాసే ధైర్యం నాకు లేదు.