ప్రేమికులకు వేరే ద్వారం

అంతరం చూసుకోని ప్రేమలను అరికట్టడానికి పూర్వపు పాలకులు పడిన పాట్లు తలచుకుంటే జాలి కలుగుతుంది. రోము చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 18లో ఒక చట్టం తెచ్చి, సెనేటర్లూ వారి సంతానమూ బానిసత్వం నుంచి విడుదలైనవారిని పెళ్ళాడరాదని శాసించాడు. చట్టం చేయవలసి వచ్చిందంటేనే ఆ పని అప్పటికే జోరుగా సాగుతోందని లోకానికి దండోరా వేసినట్టయింది. ఇంగ్లండు పార్లమెంటు 1753లో, 21 ఏళ్లు నిండనివారి పెళ్ళి తల్లిదండ్రులు కాదంటే చెల్లదని తీర్మానిస్తే, కుర్రకారు బండి కట్టించుకుని, ఆ చట్టం వర్తించని స్కాట్లాండు సరిహద్దు దాటి, గ్రెట్నా గ్రీన్ అనే ఊళ్లో పెళ్ళి చేసుకుని దర్జాగా తిరిగొచ్చేవారు.

నేటి నగరానికి ఆ తిప్పలు లేవు. ఒక్క వాక్యమైనా శాసనంలో రాయకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా, గోడలతో, గేట్లతో, స్కూలు ఫీజులతో అది ఈ కార్యాన్ని చక్కబెడుతోంది. కలిగినవారి పిల్లలకు ఒక బడి, లేనివారి పిల్లలకు ఒక బడి. వీరికి కారు, వారికి బస్సు. ఒకే భవనంలో తిరుగుతున్నా యజమానులకు ఒక లిఫ్టు, పనివారికి ఒక లిఫ్టు. అసలు ఎదురే పడనివారు ప్రేమించుకునే ప్రసక్తే రాదు కదా. ఇంత సులువైన కిటుకు అంతటి అగస్టస్‌కు తట్టకపోవడం విచారకరం.

అయితే ఈ మహత్కార్యానికి గండి కొట్టేవారు అన్నిచోట్లా ఉన్నారు. న్యూయార్కులో ఖరీదైన ఫ్లాట్లతో పాటు తక్కువ అద్దె ఇళ్లు కూడా ఉండే ఒక భవనానికి, రెండు వర్గాలకూ వేర్వేరు ద్వారాలు పెట్టే ప్రణాళికను అధికారులు 2014లో ఎంతో ముందుచూపుతో ఆమోదించారు. మరుసటి ఏడాదే, పన్ను రాయితీ పొందే భవనాల్లో అలాంటి ద్వారాలు కూడదంటూ నిషేధం వచ్చిపడింది. లండన్‌లోనూ అంతే. ఒక గృహసముదాయంలో ఇళ్లు కొనుక్కున్నవారి పిల్లలు ఆడుకునే చోటికి, తక్కువ అద్దెకు ఉండేవారి పిల్లలు రాకుండా అడ్డు కట్టారని 2019లో బయటపడేసరికి గగ్గోలు లేచి, చివరికి దారి తెరవక తప్పలేదు. ఉయ్యాల దగ్గర మొదలైన పరిచయం పదేళ్ల తర్వాత ఏ మలుపు తిరుగుతుందో ఆ గగ్గోలు పెట్టినవారు ఒక్క క్షణమైనా ఆలోచించినట్టు లేదు.

ముప్పు ఎంతటిదో లెక్కలు కూడా తేలాయి. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2022లో, ఫేస్‌బుక్‌లోని సుమారు 7.2 కోట్ల మంది అమెరికన్ల స్నేహాలను పరిశీలించి, పేదింటి పిల్లలు పెద్దింటి పిల్లల్లాగే కలిగినవారి స్నేహాల మధ్య పెరిగితే పెద్దయ్యాక వారి ఆదాయం సగటున 20 శాతం పెరుగుతుందని అంచనా కట్టింది. ఉత్త స్నేహంతోనే ఇంత అనర్థమైతే ఇక ప్రేమ సంగతి చెప్పాలా? అదే పరిశోధనలో మనకు ఊరటనిచ్చే మాట కూడా ఒకటి ఉంది. రెండు వర్గాల మధ్య స్నేహాలు కొరవడటానికి దాదాపు సగం కారణం వారు ఒకచోట లేకపోవడమైతే, మిగతా సగం ఒకచోట ఉన్నా ఎవరికి వారు తమవారితోనే మెలగడమట. అంటే గోడ చేసే పని సగమే. తక్కినది మనుషులే శ్రద్ధగా పూర్తిచేస్తున్నారు.

ఆ శ్రద్ధను కళ్లారా చూడదలచినవారు ఏదైనా పెద్ద అపార్టుమెంటు గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు. పందొమ్మిదేళ్ల కుర్రాడు రిజిస్టరులో పేరు, సమయం, ఫ్లాటు నంబరు చకచకా రాసి, 'వచ్చిన పని' అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. పైన వరుసగా పార్సిల్, పార్సిల్, కుళాయి రిపేరు అని ఉంటుంది. బాగా ఆలోచించి 'నోట్సు' అని రాస్తాడు. వాచ్‌మన్ ఆ కుర్రాడి వీధివాడే.

"ఏరా, ఇక్కడికి వచ్చినట్టు మీ నాన్నకు తెలుసా?"

"నోట్సే బాబాయ్."

"అయితే నా దగ్గర పెట్టు, పైకి పంపిస్తాలే."

ఆ బాబాయికి జీతమిచ్చేవారిలో అమ్మాయి తండ్రి కూడా ఒకడన్నది నిజమే గాని, ఈ హితవు మాత్రం ఆయన పైసా తీసుకోకుండా చెప్పినదని గమనించాలి.

ఇక యుక్తవయసు సంగతి. పద్దెనిమిదేళ్లు నిండగానే పెద్దవాళ్లయినట్టు ప్రభుత్వాలు లెక్కేసుకుంటాయి గాని, నగరం వేరే పరీక్ష పెడుతుంది. ఆమె ఎదురుగా కూర్చుని, మెనూలో కుడివైపు వరుస ముందు చదివి, "నాకు ఆకలిగా లేదు" అని అతను అన్న రోజున అతనికి ఊహ తెలిసినట్టు. ఆమెకు తెలిసేది ఇంట్లో. పెద్దింట్లో ఇప్పుడెవరూ అరవరు, తలుపులు మూయరు. "అబ్బాయి బంగారంలాంటివాడమ్మా, మాకు అలాంటి పట్టింపులేమీ లేవు, కానీ నువ్వే సర్దుకోలేవు" అని తండ్రి ఎంతో మృదువుగా అంటాడు. ఆ వారంలోనే దూరదేశపు విశ్వవిద్యాలయాల దరఖాస్తులు భోజనాల బల్ల మీదికి వస్తాయి. అటు అబ్బాయి ఇంట్లో తల్లి, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అని ఒక్క సామెతతో తేల్చేస్తుంది. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని రెండు వర్గాలు ఇంత చక్కగా ఒక్క మాట మీద నిలబడటం చూస్తే సామాజిక సామరస్యం మీద ఎవరికైనా ఆశ చిగురిస్తుంది.

ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటులోనూ కొన్ని చిల్లులు మిగిలిపోయాయని అధికారులకు సవినయంగా మనవి చేస్తున్నాం. బస్సు షెల్టరు ఒకటి. వాన కురిస్తే కారు కోసం చూసేవారూ బస్సు కోసం చూసేవారూ ఒకే కప్పు కింద చేరుతున్నారు. ప్రభుత్వ గ్రంథాలయం ఇంకొకటి, అయితే అక్కడికి ఇప్పుడు వెళ్లేవారు తక్కువ కనుక తొందర లేదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది పరీక్ష హాలు. అక్కడ తండ్రి ఆదాయం ఎంతో విచారించకుండా, హాల్‌టికెట్ నంబరు ప్రకారం ఎవరి పక్కన పడితే వారిని మూడు గంటలసేపు కూర్చోబెడుతున్నారు. సీటింగును ఆదాయ ధ్రువపత్రాల వరుసలో మార్చేంతవరకు, ఇన్విజిలేటర్ల దగ్గర పెన్నులు కట్టలుకట్టలుగా ఉంచి, పక్క బెంచీవారిని పెన్ను అరువడగడాన్ని మాల్‌ప్రాక్టీసు కిందే జమకట్టాలి.