మన్యంలో నమ్మకం ఫిర్యాదు దగ్గర మొదలవుతుంది

2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు అగ్రనేత మాడ్వి హిడ్మా మరణించాడని పోలీసులు ప్రకటించినప్పటి నుంచి, మన విశాఖలో చాలామంది మన్యం సమస్య ముగిసిపోయిందనే నమ్మకంతో మాట్లాడుతున్నారు. మావోయిస్టు దళాలు బలహీనపడిన మాట వాస్తవమే. అయితే ఆ కొండల మీద నివసించే కోందు, భగత తెగల గిరిజనులు ఇన్నేళ్లలో ప్రభుత్వాన్ని ఎంతవరకు నమ్మగలిగారన్న ప్రశ్నకు, స్వాధీనం చేసుకున్న తుపాకుల లెక్కలో జవాబు దొరకదు. యూనిఫాం వేసుకున్నవారి మీద ఒక గిరిజన స్త్రీ ఫిర్యాదు చేస్తే ఏం జరిగిందో చూస్తే దొరుకుతుంది.

వాకపల్లినే తీసుకుందాం. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు, అంటే మావోయిస్టుల కోసం అడవిని గాలించడానికి వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక దళం పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి చెందిన పదకొండు మంది కోందు మహిళలు చెప్పారు. కేసు హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లి, 2017లో సుప్రీంకోర్టు విచారణకు దారి చూపిన తరువాతే సాక్షులు బోనెక్కగలిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెడుతూనే, దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. నిర్దోషులని తీర్పు వచ్చింది కనుక ఆ పోలీసులు దోషులని నేను అనడం లేదు. కానీ దర్యాప్తు సరిగ్గా జరిగి ఉంటే ఆ మహిళలకే కాదు, ఆ పోలీసులకూ తేటతెల్లమైన నిజం దక్కేది. దాదాపు పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి ఏం జరిగిందో ఎవరూ తేల్చి చెప్పలేని స్థితిలో ఊరికి తిరిగి వెళ్లిన మనిషికి, మళ్లీ పోలీస్ స్టేషన్ మెట్లెక్కమని చెప్పే నైతిక హక్కు మనకు ఎక్కడిది?

రెండో వైపు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క ముద్రతో మావోయిస్టులు ఎంతోమంది గిరిజనులను చంపారు, శవాల పక్కన లేఖలు వదిలి వెళ్లారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను పట్టపగలు కాల్చి చంపారు. 2014లో చింతపల్లి మండలం వీరవరంలో తమ ఊరి మనిషిని చంపినందుకు గ్రామస్థులే మావోయిస్టుల మీద తిరగబడ్డారు. భయపెట్టి సంపాదించిన ఆదరణ ఎన్నాళ్లు నిలుస్తుందో అన్నలకు ఆ ఊరే చూపించింది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఉంది. ఊరికి దుప్పట్లో మందులో పట్టుకొచ్చిన పోలీసులు, పంచిపెట్టిన చోటే దళం ఎటు వెళ్లిందని అడిగితే, ఆ దుప్పటి తీసుకున్న మనిషి ఆ రాత్రి ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి? సంతలో ఎవరు ఎవరితో మాట్లాడారో అందరూ గమనించే చోట, ఒక రైతును జీపు దగ్గరికి పిలిచి పది నిమిషాలు మాట్లాడితే చాలు, అతని ప్రాణం మీదికి తెచ్చినట్టే. ప్రజలను కాపాడడం సమాచారానికి బదులుగా ఇచ్చే కూలి కాకూడదు. వైద్యం వైద్యుల చేత, రోడ్డు ఇంజినీర్ల చేత, రేషను రెవెన్యూ వారి చేత అందాలి. నిఘా పని వాటికి దూరంగా జరగాలి. రోడ్లు లేక గర్భిణులను డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి; ఆ రోడ్డు బలగాల కోసం వేశామని చెప్పడం కన్నా ఆ తల్లి కోసం వేశామని చూపించడం ముఖ్యం.

మన చరిత్రలోనే దీనికి ఆధారం ఉంది. శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని బలగాలతో అణచివేస్తున్న రోజుల్లోనే, ఏజెన్సీ (గిరిజన ప్రాంత) భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. తిరుగుబాటుకు భూమే కారణమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. మరి నలభై అయిదేళ్ల తరువాత, 2015లో, గ్రామసభల మాట పక్కనపెట్టి మన్యంలోని జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వకాలకు ఉత్తర్వులిచ్చినప్పుడు ఆ గుర్తింపు ఏమైపోయింది? ఆ ఉత్తర్వులు తరువాత రద్దయినా, కొండ పోతుందన్న భయం ఒక ఉత్తర్వుతో పోదు.

అందుకే మన్యంలోని పాడేరుకు బదిలీపై వచ్చే ప్రతి అధికారినీ నేను కోరేది ఇంతే. కూంబింగ్‌కు వెళ్లిన బృందంపై ఫిర్యాదు వస్తే, దర్యాప్తు ఆ బృందంతో ఏ సంబంధమూ లేని అధికారి చేతికి ఆ రోజే అప్పగించండి. బాధితురాలికి వైద్య పరీక్ష అదే రోజు చేయించండి. కోందుల భాష కువి తెలిసిన, ఆమె నమ్మిన మనిషిని పక్కన కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకోండి. ఎదురుకాల్పుల్లో ఎవరు మరణించినా 2014లో సుప్రీంకోర్టు నిర్దేశించినట్టు స్వతంత్ర దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ జరిపించి, దాని ఫలితాన్ని ఆ ఊరి గ్రామసభలో వారి భాషలో చదివి వినిపించండి.